కంప్యూటరు అక్షరం: యాజమాన్యం ప్రశ్న

మన దేశపు కాపీరైటు చట్టంలో ఒక విచిత్రమైన నిర్వచనం ఉంది. 1957 నాటి ఆ చట్టాన్ని 1984లో సవరించినప్పుడు, "సాహిత్యకృతి" అనే మాట పరిధిలోకి కంప్యూటరు ప్రోగ్రాంను కూడా చేర్చారు. అంటే చట్టం దృష్టిలో కథా, కావ్యం, నవలా ఎటువంటివో, యంత్రాన్ని నడిపించే ఆదేశాల వరుసా అటువంటిదే. అప్పకవి మొదలు మన లాక్షణికులెవరికీ తట్టని సంగతి పార్లమెంటుకు తట్టిందని నవ్వుకోవచ్చు. నేనూ చాలాకాలం నవ్వుకున్నాను. నా సొంత పుస్తకం నాకే తెరుచుకోకుండా పోయినప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది.

1998లో నా కథల సంపుటి ఒకటి తిరుపతిలోనే అచ్చయింది. ఒక డి.టి.పి. కేంద్రంలో కంపోజు చేయించి, ప్రూఫులు మూడుసార్లు దిద్ది, పని అయ్యాక ఆ ఫైళ్ళను రెండు ఫ్లాపీల మీదికి ఎక్కించుకుని ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాను. చేతిరాత ప్రతి ఎలాగూ పోయింది, ఇవి ఉన్నాయి గదా అని ధైర్యం. ఇన్నేళ్ళకు మలిముద్రణ ప్రస్తావన వచ్చింది. కంప్యూటర్ల చదువు చదువుతున్న మా మేనల్లుడు ఎక్కడో వెతికి ఫ్లాపీలు చదివే పరికరం పట్టుకొచ్చాడు. ఒక ఫ్లాపీ చచ్చిపోయింది. రెండోది తెరుచుకుంది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, చుక్కలూ, గీతలూ. పేజీల తరబడి అదే.

"మామా, ఇది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకి తెలుగు వేషం కట్టినారు, అంతే" అన్నాడు వాడు.

ఆ మాటలో ఉన్న సాంకేతిక విషయం రచయితలందరూ తెలుసుకోదగ్గది. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అంకె ఏ అక్షరానికి గుర్తు అన్నది మనుషులు చేసుకున్న ఒప్పందం. తొలినాళ్ళలో మన డి.టి.పి. ఫాంట్లు చేసినవాళ్ళకు తెలుగుకంటూ వాడుకలో స్థిరపడిన ఒప్పందం లేదు. అందుకని ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్ళలోనే తెలుగు ముక్కలు కూర్చారు. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, వత్తు మరో గడిలో. సీసపు టైపులతో కంపోజు చేసిన రోజులు గుర్తున్నవారికి ఈ పద్ధతి కొత్తగా ఉండదు. పాత టైపు కేసునే కంప్యూటరులోకి దించారన్నమాట. అయితే సీసపు కేసులో ఏ గడిలో ఏముందో కంపోజిటరు వేళ్ళకు తెలుసు. ఇక్కడ ప్రతి కంపెనీ తన గళ్ళను తన ఇష్టం వచ్చినట్లు సర్దుకుంది. ఆ కంపెనీ ఫాంటు ఉంటేనే అది తెలుగు. లేకపోతే గీతల గందరగోళం.

ఆ ఫాంటేమో కొన్నవాడి సొత్తు కాదు. సాఫ్ట్‌వేరు వ్యాపారంలో మనం వస్తువును కొనం, వాడుకునే అనుమతిని కొంటాం. ఆ అనుమతిపత్రమే లైసెన్సు. ఇన్ని యంత్రాల మీదనే వాడాలి, ఇంకొకరికి కాపీ ఇవ్వకూడదు, లోపల ఎలా పనిచేస్తుందో విప్పి చూడకూడదు అని అందులో షరతులుంటాయి. కాగితం మీది షరతు చాలదని కొన్ని ప్రోగ్రాములకు ఇనుప షరతు కూడా పెట్టారు. కంప్యూటరు వెనక తగిలించే చిన్న బిళ్ళ అది. డి.టి.పి. వాళ్ళు దాన్ని లాక్ అనేవాళ్ళు. అది తగిలించి ఉంటేనే ప్రోగ్రాం తెరుచుకుంటుంది. నా పుస్తకం చేసిన కేంద్రంలో ఆ లాక్ ఎప్పుడో పాడైందట. ఆ తర్వాత కేంద్రమూ మూసేశారు. నేను రాసిన కథకు నేను హక్కుదారును, నిజమే. కాని ఆ కథ ఉన్న పెట్టె తాళంచెవి నా దగ్గర లేదు, ఎన్నడూ లేదు.

తెలుగుకు ఉమ్మడి ఒప్పందం లేకపోలేదు. యూనికోడ్ అనే అంతర్జాతీయ పట్టికలో 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చారు. అందులో "అ" అంటే 3077, "క" అంటే 3093. ఏ కంపెనీ ఫాంటైనా, ఏ దేశపు యంత్రమైనా ఆ అంకె మారదు. ఫాంటు మారితే అక్షరం ఒంపు మారుతుంది గాని అక్షరం మారదు. అయినా మన ముద్రణాలయాల్లో చాలావాటికి ఆ పట్టిక ఏళ్ళ తరబడి చేరనే లేదు. పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు దాన్ని సరిగా అర్థం చేసుకోకపోవడం ఒక కారణం. అలవాటు మరో కారణం. ఆ మధ్యకాలంలో వచ్చిన తెలుగు పుస్తకాల ఫైళ్ళలో చాలా భాగం నా ఫ్లాపీకి అన్నదమ్ములే.

ఒక్క మనిషి ఒక్క సంపుటి పోగొట్టుకుంటే అది సొంత దుఃఖం. భాషలోని పుస్తకాలన్నిటికీ ఈ ప్రశ్న వేసుకుంటే ఎలా ఉంటుంది? వేసుకున్నవాడు మన జిల్లావాడే. రాజ్ రెడ్డి 1937లో, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. 1958లో మద్రాసు గిండీలో ఇంజనీరింగు ముగించి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా వెళ్ళి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు తీసుకున్నారు. యంత్రానికి మనిషి మాట వినడం నేర్పే పరిశోధన ఆయనది. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమనదగ్గ ట్యూరింగ్ బహుమతి 1994లో ఆయనకు, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు కలిపి వచ్చింది. ఆసియా సంతతి వ్యక్తికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. మనిషి రాసిన పుస్తకాలన్నీ ఎవరికైనా, ఎక్కడినుంచైనా, డబ్బు లేకుండా దొరకాలన్న ఆలోచనతో ఆయన ముందుండి నడిపించినదే పది లక్షల పుస్తకాల పథకం. దానికి మన దేశపు శాఖ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగుళూరు ఐ.ఐ.ఎస్.సి., హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి. దానికి ముఖ్య స్థావరాలు. తిరుపతిలో దేవస్థానాల దగ్గరా ఒక స్కానింగు కేంద్రం పనిచేసింది.

తిరుపతిలో అని చెప్పేటప్పుడు నాకు తాళ్ళపాకవారి రాగిరేకులు గుర్తుకొస్తాయి. కీర్తనలను తాటాకు మీద వదిలేయక రాగి మీద చెక్కించారు. ఈనాటి మాటల్లో, దొరికినంతలో అత్యుత్తమమైన హార్డ్‌వేరు. కొండమీద ఒక అరలో అవి శతాబ్దాలు భద్రంగా ఉన్నాయి. అంత భద్రంగా ఉండి కూడా, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు వాటిని పరిష్కరించి అచ్చులోకి తెచ్చే పని ఇరవయ్యో శతాబ్దంలో గాని జరగలేదు. రాగి చెడలేదు. చదివేవాళ్ళ దగ్గరికి వెళ్ళే దారి మూసుకుపోయింది.

స్కానింగంటే పుస్తకాన్ని ఫోటో తీయడమే. అంగుళానికి 600 చుక్కల చొప్పున, తెలుపో నలుపో. ఒక డెమ్మీ పేజీ అయిదున్నర అంగుళాలు, ఎనిమిదిన్నర అంగుళాలు అనుకుంటే, 3300ను 5100తో గుణించాలి. కోటీ 68 లక్షల చుక్కలు. నొక్కి పెట్టకపోతే పేజీకి 21 లక్షల బైట్లు, మూడువందల పేజీలకు 63 కోట్లు. అదే పుస్తకాన్ని యూనికోడ్‌లో టైపు చేస్తే పేజీకి అయిదువేల బైట్లకు మించదు, మొత్తం 15 లక్షలు. పైగా టైపు చేసిన పుస్తకంలో ఒక మాట వెతకవచ్చు, ఫోటోలో వెతకలేం. ఆ ఫోటో పేజీలను తిప్పి తిప్పి తీసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. కొన్ని పేజీల అంచున వేళ్ళ నీడ మాత్రం కనిపిస్తుంది. పుస్తకాల పేర్లను ఇంగ్లీషు లిపిలో తోచిన స్పెల్లింగులతో ఎక్కించారు కాబట్టి, సరైన స్పెల్లింగుతో వెతికినవాడికి పుస్తకం దొరికేది కాదు. తప్పుగా వెతకడం మేమంతా నేర్చుకున్నాం.

ఈ పేజీలన్నీ ఎక్కడుంటాయి? సర్వరులో. సర్వరంటే మన హోటళ్ళలో సర్వరే. అడిగింది లోపలినుంచి తెచ్చిపెట్టేవాడు. రాత్రింబగళ్ళు నడిచే ఒక కంప్యూటరూ, సరుకు నిలవ ఉండే డిస్కులూ, అడిగినదాన్ని వెతికి పంపే ప్రోగ్రామూ కలిస్తే సర్వరు. 1995లో వచ్చిన అపాచీ అటువంటి ప్రోగ్రాం. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని, లోపలికి చూసి, మార్చుకుని వాడుకోవచ్చు. యంత్రానికి కరెంటు కావాలి, చల్లని గది కావాలి, చెడిన డిస్కు మార్చే మనిషి కావాలి. వీటిలో ఏది ఆగినా పుస్తకం రాదు.

డిజిటల్ లైబ్రరీ ఆగింది మాత్రం వీటివల్ల కాదు. 2017 నాటికి ఆ సైటు మూతపడింది. చెప్పిన కారణం కాపీరైటు ఉల్లంఘన. రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు అరవై ఏళ్ళదాకా హక్కు వారసులది. 1992 దాకా అది యాభై ఏళ్ళే. 1951లో పోయిన కట్టమంచి రామలింగారెడ్డి రచనలు 2012 నుంచి అందరివీ. "కవిత్వతత్త్వ విచారము"ను ఎవరు స్కాన్ చేసినా, అచ్చేసినా తప్పులేదు. 1999లో పోయిన మధురాంతకం రాజారాం కథలు 2060 దాకా ఆగాలి. ఆ లైబ్రరీలో ఈ రెండు రకాలూ కలిసిపోయాయి. కట్టమంచి తరం పుస్తకాల మీద ఎవరికీ అభ్యంతరం లేదు. అయినా తలుపు మూసినప్పుడు అవీ లోపలే ఉండిపోయాయి.

అవి మళ్ళీ మనకు దొరుకుతున్నాయంటే, మూతపడకముందే కొందరు వాటిని కాపీ చేసి అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టినందువల్ల. అందులో సగం చట్టబద్ధం, సగం కాదు. ఈ వాస్తవం నాకు ఇబ్బందికరమే. రచయితగా నా రాయల్టీ నాకు కావాలి, అది ఎంత అల్పమైనా. పాఠకుడిగా మాత్రం అప్పటికే అచ్చులో లేని వందల పుస్తకాలు ఆ దొంగకాపీల పుణ్యాన చదివాను. ఈ రెండు నేనుల మధ్య తగవు తీర్చడానికి సాఫ్ట్‌వేరు వాళ్ళు మనకంటే ముందే ఒక ఉపాయం కనిపెట్టారు.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు, అందరూ చదవగల, మార్చగల, పంచగల సాఫ్ట్‌వేరును తయారు చేస్తానని ప్రకటించాడు. ఆయన కాపీరైటును వదులుకోలేదు. దాన్నే ఆయుధం చేశాడు. 1989లో రాసిన జి.పి.ఎల్. అనే లైసెన్సు సారాంశం ఇది: ఈ ప్రోగ్రాంను వాడుకో, విప్పి చూడు, మార్చు, అమ్ముకో కూడా. కాని మార్చినదాన్ని నువ్వు పంచితే ఇవే హక్కులు పుచ్చుకున్నవాడికీ ఇవ్వాలి. తాళం వేయడానికి పుట్టిన చట్టంతో, ఎవరూ తాళం వేయకూడదన్న నియమం రాయించాడు. లినక్స్ ఆ లైసెన్సు కిందిదే. తెలుగు వికీసోర్స్‌ను నడిపే ప్రోగ్రామూ అంతే. అపాచీ లైసెన్సు ఇంత గట్టిది కాదు. తీసుకున్నవాడు తన మార్పులను దాచుకోవచ్చు. ఇంగ్లీషులో "ఫ్రీ" అనే ఒకే మాటకు ఉచితమనీ, స్వేచ్ఛ అనీ రెండర్థాలుండి గొడవ వచ్చింది. మనకు ఆ రెండు మాటలూ వేరువేరుగా ఉన్నాయి. మనం గందరగోళపడడానికి సాకు లేదు.

కాళహస్తి కవి ధూర్జటి పేరుతో ఇప్పుడొక యూనికోడ్ ఫాంటు ఉంది. దాని లైసెన్సు ప్రకారం ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పుస్తకంలో పెట్టి అమ్ముకోవచ్చు. ఫాంటును ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు. రాజుల కొలువును ఈసడించిన కవి పేరుకు తగిన షరతే అనిపించింది.

ఇంతమాత్రాన ఉత్సాహపడిపోనక్కర్లేదు. అందరిదీ అయిన లినక్స్ మీదనే ప్రపంచంలోని పెద్ద కంపెనీలు వేల సర్వర్లు నడిపి లాభాలు తీస్తున్నాయి. కోడు ఉమ్మడిదైంది గాని యంత్రమూ, గదీ, కరెంటూ ఉమ్మడివి కాలేదు. మన పుస్తకాల కాపీలు సముద్రం అవతల ఒక సంస్థ దయమీద ఉన్నాయి. దానికేమైనా అయితే తిరుపతిలో వాటి ప్రతులు ఎక్కడున్నాయో చెప్పగలవారు నాకు కనబడలేదు. రాజ్ రెడ్డి ఆలోచనలో లోపమని నేననను. అందరికీ అందాలన్నారు, అందించారు. హక్కులు తేల్చుకోకుండానే పని మొదలుపెట్టడం, ప్రతులను నాలుగుచోట్ల ఉంచకపోవడం, ఈ రెండూ దాన్ని దెబ్బతీశాయని నా అభిప్రాయం.

విద్యార్థులకు, కొత్త రచయితలకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ప్రచురణకర్తకు హక్కులు రాసిచ్చేటప్పుడు గడువు చెప్పకపోతే, చట్టం దాన్ని అయిదేళ్ళుగానే లెక్కిస్తుంది. ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే. కాగితం మీద లేని బదలాయింపు చెల్లదు. "హక్కులన్నీ వారికే ఇచ్చేశాను" అని నోటిమాటగా చెప్పుకుని బాధపడే రచయితలు మనలో చాలామంది ఉన్నారు. అసలు హక్కు వాళ్ళ చేతిలోంచి పోనేలేదేమో చూసుకోవాలి.

నా సంపుటిని మా మేనల్లుడూ, వాడి స్నేహితురాలూ కలిసి అచ్చు ప్రతి చూసి మొదటినుంచీ యూనికోడ్‌లో టైపు చేశారు. రెండు నెలలు పట్టింది. 1998లో నేను దిద్దినా మిగిలిపోయిన తప్పులు వాళ్ళకు దొరికాయి. పుస్తకం లోపలిపేజీలో నేనొక వాక్యం పెట్టాలన్నాను: నా పేరు చెప్పి ఈ కథలను ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, అనువదించవచ్చు, అచ్చు వేయవచ్చు, వాళ్ళూ అదే అనుమతి ఇతరులకు ఇవ్వాలి. ప్రచురణకర్త కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "అయితే సార్, నేను అమ్మేదేముంది?" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాగితానికీ, అచ్చుకీ డబ్బు పెట్టేది ఆయన. చివరికి అయిదేళ్ళు అచ్చు హక్కు ఆయన ఒక్కడికే అనీ, ఆ తర్వాత నా వాక్యం అమలులోకి వస్తుందనీ ఒప్పందం రాసుకున్నాం. ఫైలు కాపీలు మూడు: ఒకటి నా దగ్గర, ఒకటి ఆయన దగ్గర, ఒకటి మదనపల్లెలో ఉన్న మా చెల్లెలి ఇంట్లో. కాగితం మీద తేదీ వేసి ఇద్దరం సంతకాలు పెట్టాం.