డ్రిప్పు పైపు నల్లగా ఎందుకుంటుంది?

మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. బోర్లలో వచ్చే కొద్దిపాటి నీటితోనే చీనీ తోటలు బతకాలి. 2003లో మన రాష్ట్రంలో సూక్ష్మ నీటిపారుదల పథకం మొదలైన తర్వాత ఊరూరా డ్రిప్పు పైపులు వచ్చాయి. ఆ పైపులో దాగి ఉన్న రసాయన శాస్త్రాన్ని తోటి విద్యార్థులకు తెలియజేయాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

చిన్న అణువులు వేల సంఖ్యలో పూసల దండలా కలిస్తే పాలిమర్ అవుతుంది. ఇథిలీన్ అణువులు అలా కలిస్తే వచ్చేదే పాలిథీన్. 1933లో ఇంగ్లండులో గిబ్సన్, ఫాసెట్ అనే శాస్త్రవేత్తలు అధిక పీడనంతో ప్రయోగం చేస్తుండగా ఇది అనుకోకుండా దొరికింది. 1953లో జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ జీగ్లర్ ఉత్ప్రేరకం వాడి, తక్కువ పీడనంలోనే దీనిని తయారుచేశాడు. ఆయనకు, ఇటలీకి చెందిన జూలియో నట్టాకు 1963లో నోబెల్ బహుమతి లభించింది. ఇలాంటి ఉత్ప్రేరకాలతోనే ఇథిలీన్‌కు కొద్దిగా బ్యూటీన్ వంటివి కలిపి, చుట్టలు చుట్టినా విరగని పాలిథీన్ చేస్తున్నారు. డ్రిప్పు పైపులకు వాడేది ఇదే.

అయితే ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ అణువుల దండను తెంచుతాయి. పైపు పెళుసుబారి పగులుతుంది. చెట్టుకు చేరవలసిన నీరు దారిలోనే పోతుంది. అందుకే 2 నుంచి 3 శాతం కార్బన్ బ్లాక్, అంటే మెత్తని మసి కలుపుతారు. ఆ కిరణాలను మసి పీల్చుకుంటుంది. పైపు లోపలికి వెలుతురు పోదు కాబట్టి పాచి కూడా పట్టదు.

పాలిథీన్ మట్టిలో కుళ్ళిపోదు. కాబట్టి పాత పైపులను చేలో వదలక, కాల్చక, పాత సామాన్లు కొనేవారికి ఇవ్వాలి. వాటిని కరిగించి మళ్ళీ వాడుకోవచ్చు. ఈ విషయం మన ఇళ్ళలో పెద్దలకు కూడా చెబుదాం.