మిద్దెపై సౌర పలకలు.. ముంగిట బ్యాటరీ కారు: గిట్టుబాటు ఎవరికి?

* స్లాబు పెరిగే కొద్దీ సౌర విద్యుత్తుతో లాభం
* నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే వారికే కారు అనుకూలం
* రాయితీని కాదు, పాత బిల్లులను చూసి నిర్ణయించుకోవాలి

నరసరావుపేట: నెల తిరిగేసరికి చేతికందే విద్యుత్తు బిల్లు ఒకవైపు, బంకు వద్ద కరిగిపోయే జీతం మరోవైపు సగటు గృహస్థును కలవరపెడుతున్నాయి. ఈ రెండింటికీ విరుగుడుగా ఇంటి కప్పుపై సౌర పలకలు, ముంగిట విద్యుత్తు వాహనం అన్న మాట పట్టణాల్లోనే కాక పల్లెల్లోనూ వినిపిస్తోంది. ఎండలకు పేరుపడిన రెంటచింతల ఉన్న పల్నాడు జిల్లాలో ఈ ఆలోచనకు ఆకర్షణ సహజంగానే ఎక్కువ. అయితే పొరుగింటి వారికి కలిసివచ్చిన పెట్టుబడి మనకూ కలిసివస్తుందన్న భరోసా లేదు. ఏ స్లాబులో బిల్లు వస్తోంది, నెలకు ఎన్ని కిలోమీటర్లు ప్రయాణం అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులే లాభనష్టాలను తేలుస్తాయి. ఈ లెక్క చూసుకోకుండా అప్పు చేస్తే బిల్లు స్థానంలో వాయిదా వచ్చి కూర్చుంటుంది.

ఎండ వేరు.. వెలుగు వేరు

ఎండ మండే కొద్దీ విద్యుత్తు అధికంగా వస్తుందని పలువురు భావిస్తుంటారు. వాస్తవం ఇందుకు భిన్నం. పలకలు విద్యుత్తుగా మార్చేది వెలుగునే కాని వేడిని కాదు. పలక ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సామర్థ్యం సుమారు 0.3 నుంచి 0.4 శాతం మేర తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం పలక 60 డిగ్రీలకు పైగా వేడెక్కితే సామర్థ్యంలో పది శాతానికి మించి కోత పడుతుంది. పలకల కింద గాలి ఆడేలా ఎత్తుగా చట్రం కట్టాలని చెప్పడంలోని ఆంతర్యం ఇదే.

ఎండ, వాన కాలాలను కలిపి సగటు చూస్తే ఒక కిలోవాటు పలకలు రోజుకు 4 యూనిట్ల చొప్పున నెలకు దాదాపు 120 యూనిట్లు ఇస్తాయి. ఒక్కో కిలోవాటుకు నీడ పడని చోటు సుమారు వంద చదరపు అడుగులు కావాలి. నీళ్ల ట్యాంకు, పక్కింటి మేడ, పెరటి వేపచెట్టు నీడ పలకలో కొంత భాగంపై పడినా ఉత్పత్తి గణనీయంగా పడిపోతుంది.

రాయితీ ఇలా..

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించింది. కోటి ఇళ్లకు సౌర విద్యుత్తు అందించాలన్నది దీని లక్ష్యం. కిలోవాటుకు 30 వేల రూపాయలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు అంతకు మించితే గరిష్ఠంగా 78 వేల రాయితీని ఈ పథకం కింద నిర్ణయించారు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా ఏర్పాటు చేస్తామని, బీసీలకు 2 కిలోవాట్లపై మరో 20 వేలు అదనంగా ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. సౌర పరికరాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

రాయితీ వర్తించాలంటే దేశీయంగా తయారైన పలకలనే అమర్చాలి. సొమ్ము ముందుగా చేతికి రాదన్నది మరువరాదు. పలకలు బిగించి, నెట్ మీటరు అమర్చి, డిస్కం తనిఖీ పూర్తయిన తర్వాతే వినియోగదారుని బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. అంతవరకు మొత్తం వ్యయాన్ని సొంతంగానో, రుణంతోనో భరించాల్సి ఉంటుంది.

కిటుకంతా స్లాబులోనే

ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 టారిఫ్ ప్రకారం గృహ వినియోగదారులకు తొలి 30 యూనిట్లకు యూనిట్ ధర రూ.1.90. 31 నుంచి 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. స్థిర ఛార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు ఛార్జీలు వీటికి అదనం. నెట్ మీటరు ఉన్న ఇంట్లో పలకలు ఇచ్చిన యూనిట్లను మొత్తం వాడకం నుంచి తీసివేసి మిగిలిన వాటికే బిల్లు వేస్తారు. అంటే ముందుగా తెగిపోయేది అత్యంత ఖరీదైన పై స్లాబే. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

నెలకు 300 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుంటే యూనిట్ల ఛార్జీయే రూ.1,673 అవుతుంది. 2 కిలోవాట్ల పలకలు 240 యూనిట్లు ఇస్తే మిగిలిన 60 యూనిట్లకు చెల్లించేది రూ.147 మాత్రమే. నెలకు ఆదా రూ.1,526. ఏర్పాటుకు రూ.1.40 లక్షలు అయిందనుకుంటే రాయితీ పోను పెట్టుబడి రూ.80 వేలు. ఇది నాలుగేళ్ల నాలుగు నెలల్లో తిరిగి వచ్చేస్తుంది. పలకల జీవితకాలం పాతికేళ్లుగా లెక్కిస్తారు కనుక మిగిలిన కాలమంతా లాభమే. ఇదే 80 వేలను ఆరున్నర శాతం వడ్డీకి ఐదేళ్ల రుణంగా తీసుకుంటే నెలసరి వాయిదా దాదాపు రూ.1,565. బిల్లులో ఆదా అయ్యే సొమ్ముతో వాయిదా ఇంచుమించు తీరిపోతుంది.

నెలకు 100 యూనిట్లే వాడే చిన్న కుటుంబం సంగతి వేరు. వారి యూనిట్ల ఛార్జీ రూ.305కు మించదు. ఒక కిలోవాటుకు రూ.75 వేలు వెచ్చించి రూ.30 వేల రాయితీ పొందినా, మిగిలిన రూ.45 వేలు వెనక్కి రావడానికి పన్నెండేళ్లు దాటుతుంది. ఈలోగా ఇన్వర్టరు మార్చాల్సి వస్తే గడువు మరింత పెరుగుతుంది. ఉచితంగా అమర్చే వర్గాలకు తప్ప ఈ స్థాయి వినియోగదారులకు అప్పు చేసి సౌర పలకలు బిగించడం భారమే. అవసరానికి మించి పెద్ద యూనిట్ పెట్టి మిగులు అమ్ముకోవచ్చన్న ఆశా తగదు. మిగులు యూనిట్లకు డిస్కంలు పై స్లాబు ధర చెల్లించవు.

సరఫరా ఆగితే చీకటే

పలకలు బిగించాక కరెంటు కోత బాధ ఉండదన్నది మరో అపోహ. రాయితీపై సాధారణంగా అమర్చేవి విద్యుత్తు తీగలతో అనుసంధానమై పనిచేసే యూనిట్లు. బయటి సరఫరా నిలిచిన మరుక్షణం ఇవీ ఆగిపోతాయి. తీగలపై మరమ్మతులు చేసే సిబ్బందికి ఇళ్ల నుంచి వెనక్కి వచ్చే విద్యుత్తుతో ప్రాణాపాయం కలగకుండా చేసిన ఏర్పాటిది. కోతల సమయంలోనూ వెలుగు కావాలంటే బ్యాటరీతో కూడిన ఇన్వర్టరు ఉండాలి. అప్పుడు వ్యయం బాగా పెరుగుతుంది. దుమ్ము పేరుకున్న పలకలను నీటితో తుడుచుకోవడం, కోతుల బెడద ఉన్న ఊళ్లలో తీగలకు గొట్టాల రక్షణ కల్పించడం గృహస్థు బాధ్యతే.

కారు కొనాలా.. వద్దా?

చిన్న విద్యుత్తు కార్లు ఇప్పుడు సామాన్యుడి చర్చల్లోకి వచ్చాయి. 2022 సెప్టెంబరులో టాటా టియాగో విద్యుత్తు కారు రూ.8.49 లక్షల ప్రారంభ ధరతో విడుదలైంది. విద్యుత్తు వాహనాలపై జీఎస్టీ 5 శాతమే. ఛార్జింగులో వృథాను కలుపుకొని ఈ తరహా చిన్న కారు ఒక యూనిట్‌కు సుమారు 7 కిలోమీటర్లు నడుస్తుందని భావించవచ్చు. కంపెనీలు ప్రకటించే దూరం పరీక్షా పరిస్థితుల్లోనిది. ఏసీ వేసుకుని రహదారిపై వేగంగా వెళితే అది తగ్గడం ఖాయం.

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 143 యూనిట్లు ఖర్చవుతాయి. ఇప్పటికే 300 యూనిట్లు వాడే ఇంట్లో ఇవన్నీ పై స్లాబుల్లో పడి బిల్లు రూ.1,294 పెరుగుతుంది. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు, లీటరు రూ.110 చొప్పున రూ.6,111 కావాలి. నెలకు ఆదా రూ.4,800 పైచిలుకే. రెండు కార్ల ధరల మధ్య తేడా రూ.3 లక్షలనుకుంటే ఐదేళ్లు దాటగానే అది తీరిపోతుంది.

అదే నెలకు 400 కిలోమీటర్లే తిరిగే కుటుంబానికి ఆదా రూ.1,950 లోపే. ధరల తేడా తీరడానికి పన్నెండు, పదమూడేళ్లు పడుతుంది. ఈ కార్ల బ్యాటరీకి కంపెనీ హామీ సాధారణంగా 8 ఏళ్లు లేదా 1.60 లక్షల కిలోమీటర్లు. హామీ గడువు ముగిశాక కూడా తేడా తీరని బేరం అవుతుందన్న మాట. రోజూ గుంటూరుకో, విజయవాడకో వెళ్లివచ్చే ఉద్యోగికి, వ్యాపారికి కలిసివచ్చే కారు, పండుగలకు, పెళ్లిళ్లకు మాత్రమే బయటకు తీసేవారికి కలిసిరాదు.

రెండూ తోడైతే..

సౌర పలకలు, కారు ఒకే ఇంట్లో చేరితే లెక్క మెరుగుపడుతుంది. ఇంటికి 300, కారుకు 143 కలిపి 443 యూనిట్లకు ఛార్జీ రూ.2,967. 3 కిలోవాట్ల పలకలు 360 యూనిట్లు ఇస్తే మిగిలిన 83 యూనిట్లకు రూ.228 చాలు. నెలకు రూ.2,740 మేర ఆదా. రూ.2 లక్షల వ్యయంలో రాయితీ పోగా మిగిలే రూ.1.22 లక్షలు నాలుగేళ్లలోపే చేతికొస్తాయి. కారు లేకుండా ఇవే పలకలు పెడితే ఆరేళ్లు పడుతుంది. పగలు పుట్టిన యూనిట్లు నెట్ మీటరు లెక్కలో జమ అవుతాయి కనుక కారును రాత్రిపూట ఛార్జ్ చేసుకున్నా నష్టం లేదు.

అయితే ఇంటి వైరింగు ఇందుకు సిద్ధంగా ఉండాలి. కారు ఛార్జింగుకు 15 ఆంపియర్ల ప్లగ్గు, సక్రమమైన ఎర్తింగు తప్పనిసరి. 24 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండటానికి ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. ఆ సమయమంతా 3 కిలోవాట్లకు పైగా భారం ఉంటుంది. మంజూరైన లోడు 2 కిలోవాట్లే ఉంటే ముందుగా డిస్కం వద్ద దానిని పెంచుకోవాలి.

చిన్న కుటుంబానికి స్కూటరే మేలు

తక్కువ విద్యుత్తు వాడుతూ, రోజూ 30 కిలోమీటర్ల వరకు తిరిగే వారికి తొలి మెట్టు విద్యుత్తు స్కూటరే. నెలకు 900 కిలోమీటర్లకు సుమారు 35 యూనిట్లు సరిపోతాయి. యూనిట్ రూ.6 చొప్పున చూసినా అయ్యేది రూ.210. పెట్రోలు స్కూటరు లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తే అదే దూరానికి రూ.2,200 అవుతుంది. మామూలు ప్లగ్గుతోనే పని జరుగుతుంది. సొంత కప్పు లేని అద్దె ఇళ్ల వారికీ ఇది అందుబాటులో ఉన్న మార్గం. అపార్ట్‌మెంట్లలో లిఫ్టు, నీటి మోటార్లు వంటి ఉమ్మడి అవసరాల కోసం నివాసుల సంఘాలకు కిలోవాటుకు రూ.18 వేల రాయితీ సూర్యఘర్ పథకంలో ఉంది.

సంతకానికి ముందు ఇవి చూడాలి

* గత పన్నెండు నెలల బిల్లులు ముందుంచుకుని సగటు యూనిట్లు లెక్కించాలి. ఒక్క మే నెల బిల్లును చూసి యూనిట్ సామర్థ్యం నిర్ణయించరాదు.
* విద్యుత్తు సర్వీసు, ఇంటి పత్రాలు, బ్యాంకు ఖాతాలోని పేర్లు ఒకటేనా అన్నది సరిచూసుకోవాలి. తాతల పేరిట మిగిలిపోయిన సర్వీసులను ముందే మార్పించుకోవాలి.
* పథకం పోర్టల్‌లో నమోదైన విక్రేతల్లో కనీసం ముగ్గురి నుంచి ధరలు తీసుకోవాలి. చట్రం, తీగలు, ఎర్తింగు ధరలో కలిసి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగాలి.
* ఐదేళ్ల నిర్వహణ బాధ్యత విక్రేతదే. ఆ షరతు ఒప్పందంలో ఉండేలా చూడాలి.
* కారు కొనేవారు నెలకు తిరిగే దూరాన్ని మీటరు రీడింగు చూసి రాసుకోవాలి. ఊహించి చెప్పే అంకె సాధారణంగా అసలు కన్నా ఎక్కువే ఉంటుంది.

బిల్లు 225 యూనిట్లు దాటే ఇంటికి సౌర పలకలు, దూరం వెయ్యి కిలోమీటర్లు దాటే వారికి కారు, మిగిలిన వారికి ప్రస్తుతానికి స్కూటరు.. స్థూలంగా తేలే లెక్క ఇది. ధరలు, స్లాబులు, రాయితీలు మారినప్పుడల్లా ఈ లెక్కను మళ్లీ వేసుకోవడం వినియోగదారులకు శ్రేయస్కరం.