అండమాన్ యాత్ర: ప్రయాణీకులకు కొన్ని సూచనలు

బంగాళాఖాతం నడుమ పచ్చల హారం వలె అమరిన అండమాన్, నికోబార్ దీవులు ఒకనాడు ‘కాలాపానీ’ పేరిట మన పెద్దలను భయపెట్టాయి. నేడు అవే దీవులు ఎల్.టి.సి. సదుపాయం గల ఉద్యోగ కుటుంబాలకు అభిమాన యాత్రాస్థలమయ్యాయి. వంతెనను నిర్మించే ఇంజనీరు అది మోయవలసిన బరువుకు మించి దానికి బలం సమకూరుస్తాడు. దీనినే భద్రతా గుణకం అంటారు. ద్వీపయాత్రకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. కాలంలోను, ధనంలోను కొంత మిగులు ఉంచుకోవాలి.

ప్రయాణ ప్రణాళిక

డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు అనువైన కాలం. మే నుండి నైరుతి ఋతుపవనాలు, అక్టోబరు, నవంబరు నెలలలో వాయుగుండాలు సముద్రాన్ని కల్లోలపరుస్తాయి. చెన్నై, కోల్‌కతాల నుండి విమానంలో రెండు గంటలకు పైగా, నౌకలో సుమారు మూడు దినాలు పడుతుంది. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. హావ్‌లాక్, నీల్ దీవులు 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లుగా మారాయి. పాత పేర్లు ఇంకను వాడుకలో ఉన్నందున తికమక పడరాదు.

సముద్రం పోటెత్తిన దినాన దీవుల మధ్య ఓడలు నిలిపివేస్తారు. కనుక తిరుగు ప్రయాణానికి ముందు దినం తప్పక శ్రీ విజయపురం చేరుకోవాలి. ఆ దినం వృథా కాదు. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు అక్కడే ఉంది. ఏడు విభాగాలలో నేడు మూడే మిగిలాయి. మారుమూల తీరాలలో ఫోను సంకేతాలు బలహీనం కనుక కొంత రొక్కం, గుర్తింపు పత్రాలు, నిత్యం వాడే మందులు దగ్గర ఉంచుకోవాలి.

సూర్యుడు, సముద్రం

మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది. శ్రీ విజయపురం సుమారు 92.7 డిగ్రీల వద్ద ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు దాదాపు 41 నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే ప్రొద్దు క్రుంకుతుంది. రాధానగర్ తీరాన సూర్యాస్తమయం చూడగోరేవారు నాలుగింటికే అక్కడ ఉండాలి. షహీద్ ద్వీప్‌లోని సహజ శిలాతోరణం చేరడానికి ఆటుసమయం తెలుసుకోవాలి. పోటు, ఆటుల వేళలు దినదినం సుమారు 50 నిమిషాలు వెనుకకు జరుగుతాయి.

నీరు నిర్మలంగా కనబడినంత మాత్రాన నిరపాయం కాదు. ఈ దీవులలో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో హావ్‌లాక్ తీరాన ఒక అమెరికన్ యువతి మొసలి వాతబడి మరణించింది. హెచ్చరిక బోర్డులున్న చోట, మడ అడవుల సమీపాన, చీకటి పడిన పిదప నీటిలో దిగరాదు.

2004 డిసెంబరు 26 ఉదయం భూకంపం సంభవించిన కొద్ది నిమిషాలలోనే కార్ నికోబార్‌ను సునామీ ముంచెత్తింది. 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం నెలకొన్నది. అయినను కేంద్రబిందువు చేరువైతే హెచ్చరిక కొరకు వేచియుండే వ్యవధి ఉండదు. భూమి తీవ్రంగా కంపించినా, సముద్రం హఠాత్తుగా వెనుకకు తగ్గినా, సామాను వదలి వెంటనే మెట్టప్రాంతానికి వెళ్ళాలి. ఈ మాట పిల్లలకు బయలుదేరే ముందే చెప్పండి.

చట్టం, మర్యాద

పగడపు ముక్కలు ఏరి తేరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పగడపు జీవులకు రక్షణ కల్పిస్తున్నది. బారాటాంగ్ మార్గం జారవాల అరణ్యం గుండా సాగుతుంది. అక్కడ వాహనం ఆపడం, ఫోటోలు తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం. వారు మన వినోదానికై ఉన్నవారు కారు.

చివరిగా ఒక శుభవార్త. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వలస వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు వారిలో ఉన్నాయి. నీటిలో దిగే ముందు, “అన్నా, ఇక్కడ దిగవచ్చునా?” అని తెలుగులోనే అడిగి చూడండి. వారు వద్దంటే మానుకొనుటే శ్రేయస్కరం.