చిత్రిక యంత్రం కొనే ముందు

మీ ఇంటి తలుపు రెక్క మీద ఒకసారి అరచేత్తో నిమిరి చూడండి. ఎక్కడా ఎత్తుపల్లాలు చేతికి తగలవు. రంపపు మిల్లు నుంచి వచ్చిన రోజున ఆ చెక్క అలా లేదు. దాని ఒంటినిండా రంపం గాట్లు ఉంటాయి. ఒకచోట 26 మిల్లీమీటర్ల మందం ఉంటే, అదే పలక రెండో చివర 23 ఉంటుంది. వడ్రంగి దానికి చిత్రిక పట్టి చదును చేస్తాడు. కొన్ని ప్రాంతాల్లో ఈ పనిముట్టునే రంద అంటారు. ఒక తలుపుకు కావలసిన పలకలన్నింటినీ చేతి చిత్రికతో ఒకే మందానికి తేవడమంటే భుజాలు పడిపోయే పని.

ఈ పనిని విద్యుత్తుతో చేసే యంత్రమే థిక్‌నెస్ ప్లేనర్. 1828లో అమెరికాలో విలియం వుడ్‌వర్త్ చిత్రిక యంత్రానికి పేటెంటు పొందారు. ఆ తరువాత చాలాకాలం ఇటువంటివి కర్మాగారాల్లోనే ఉండేవి. వరండాలో బల్లమీద పెట్టుకోగల చిన్న యంత్రాలు 1980 దశకంలో వచ్చాయి. జపాన్‌కు చెందిన ర్యోబీ సంస్థ తెచ్చిన ఏపీ-10 వీటిలో తొలితరానిది. ఇప్పుడు మన దేశంలోనూ ఇవి దొరుకుతున్నాయి. మంచి యంత్రానికి పదుల వేల రూపాయలు పెట్టాలి. కాబట్టి దీని వెనుక ఉన్న భౌతికశాస్త్రం తెలియకుండా కొనడం మంచిది కాదు. ఈ మాట నేను అనుభవంతోనే చెబుతున్నాను.

మా ఊళ్లో పాత ఇల్లు విప్పినప్పుడు తాతగారి కాలంనాటి టేకు తలుపులు నాకు దక్కాయి. చేవ నిండిన చెక్క. పుస్తకాల బీరువా చేయిద్దామనుకున్నాను. అంతకు కొద్ది నెలల ముందే ఒక చిత్రిక యంత్రం కొన్నాను. ఒక పలక 22 మిల్లీమీటర్ల మందం ఉంది, నిలువునా కొద్దిగా విల్లులా వంగింది. యంత్రంలో పెడితే తిన్నగా వస్తుందని నమ్మాను. ఎన్నోసార్లు పెట్టాను. చివరికి 14 మిల్లీమీటర్లకు దిగింది, అద్దంలా నున్నగా వచ్చింది. బల్లమీద పెట్టి చూస్తే వంపు మాత్రం అలాగే ఉంది! ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదివినవాడినే, కానీ కొన్నరోజున ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో ఒక్క నిమిషం ఆలోచించలేదు. అటువంటి చెక్క మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

జరిగిందేమిటో చూద్దాం. ఈ యంత్రంలో కింద చదునైన ఇనుప పీట ఉంటుంది. పైన బ్లేడులు బిగించిన స్తూపం అతివేగంగా తిరుగుతూ ఉంటుంది. దీనినే కట్టర్ హెడ్ అంటారు. దానికి ముందొకటి, వెనకొకటి రబ్బరు రోలర్లు ఉంటాయి. అవి పలకను పీటకు అదిమిపెట్టి లోపలికి లాగుతాయి. బ్లేడుకూ పీటకూ మధ్య దూరం ఎంత ఉంటే పలక మందం అంత అవుతుంది. అంటే యంత్రం చేసేది ఒక్కటే: పలక పైముఖాన్ని అడుగు ముఖానికి సమాంతరంగా చేయడం. అడుగు వంకరగా ఉంటే పైముఖం కూడా అదే వంకరతో వస్తుంది. రోలర్ల ఒత్తిడికి వంగిన పలక కాసేపు చదునవుతుంది. బయటికి రాగానే స్థితిస్థాపకత వల్ల మళ్లీ పాత రూపానికి పోతుంది. వంకర అంచున్న స్కేలుకు సమాంతరంగా గీత గీస్తే ఆ గీత కూడా వంకరగానే వస్తుంది కదా, ఇదీ అంతే.

అందుచేత కొనేముందు మొదట వేసుకోవలసిన ప్రశ్న: పలక ఒక ముఖాన్ని చదును చేసే మార్గం మన దగ్గర ఉందా? కర్మాగారాల్లో అందుకు జాయింటర్ అనే వేరే యంత్రం ఉంటుంది. ఇంట్లో అయితే చేతి చిత్రికతోనే ఒక ముఖాన్ని సరిచేసుకోవచ్చు. మరో ఉపాయం కూడా ఉంది. వంకర లేని మందపాటి ప్లైవుడ్ ముక్కపై పలకను ఉంచి, ఊగుతున్న చోట్ల కింద సన్నని చెక్క చీలికలు పెట్టి జిగురుతో కదలకుండా చేయాలి. పలక వెనక్కి జారకుండా ప్లైవుడ్ వెనుక చివర ఒక సన్నని అడ్డుబద్ద కొట్టాలి. ఆ రెండింటినీ కలిపి యంత్రంలో పెట్టాలి. ఇప్పుడు యంత్రానికి అడుగు ముఖం ప్లైవుడ్డే కాబట్టి పైముఖం చదునుగా వస్తుంది. తరువాత చీలికలు తీసేసి, పలకను తిరగేసి మామూలుగా పెట్టుకోవచ్చు. నా రెండో పలక ఇలాగే బతికింది.

ఇక దుకాణంలో మీకు కనిపించే అంకెల సంగతి. మకీటా 2012ఎన్‌బీ అనే యంత్రాన్నే తీసుకుందాం. రెండు బ్లేడులు, నిమిషానికి 8500 భ్రమణాలు, పలక కదిలే వేగం నిమిషానికి 8.5 మీటర్లు. నిమిషానికి 17,000 కోతలు, ఆ నిమిషంలో 8500 మిల్లీమీటర్ల చెక్క కదులుతుంది. అంటే మిల్లీమీటరుకు రెండు కోతలు, ఒక్కో కోతకు అర మిల్లీమీటరు. డివాల్ట్ 735 అనే యంత్రానికి మూడు బ్లేడులు, 10,000 భ్రమణాలు, రెండు వేగాలు ఉన్నాయి. మామూలు వేగంలో అంగుళానికి 96 కోతలు, నిదానమైన వేగంలో 179. బ్లేడు వృత్తాకారంలో తిరుగుతుంది కాబట్టి ప్రతి కోతా చిన్న గుంటలా ఉంటుంది. చెక్క ఉపరితలం నిజానికి వరుస అలలే. కోతల మధ్య దూరం సగమైతే అల లోతు నాలుగో వంతు అవుతుంది, ఎందుకంటే లోతు ఆ దూరపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. రెండు బ్లేడుల్లో ఒకటి కొద్దిగా పైకి లేచి ఉంటే ఆ ఒక్కటే కోస్తుంది. అప్పుడు దూరం రెట్టింపు, లోతు నాలుగింతలు. కాబట్టి ఎన్ని బ్లేడులున్నాయన్న దానికంటే వాటిని సమానంగా బిగించడం సులువా కాదా అన్నది నాకు ముఖ్యం అనిపిస్తుంది.

అంకెలు ఎంత బాగున్నా చెక్క నార దిశ చూడకపోతే ఫలితం ఉండదు. పిల్లి ఒంటిమీద వెంట్రుకలకు ఎదురు నిమిరితే ఏమవుతుంది? నారకు ఎదురుగా కోస్తే చెక్క కూడా అలాగే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. అప్పుడు పలకను తిప్పి రెండో చివర నుంచి పెట్టాలి.

బ్లేడు లోహం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో వాడేది ఎక్కువగా టేకు. టేకులో సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. హైస్పీడ్ స్టీలు బ్లేడు పదును దీనివల్ల త్వరగా పోతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ ఎక్కువకాలం నిలుస్తుంది. కొన్ని యంత్రాలలో పొడవాటి బ్లేడుకు బదులు చిన్న చిన్న చదరపు కార్బైడ్ బిళ్లలను మరమెలిక వరుసలో బిగిస్తారు. ఒక అంచు దెబ్బతింటే ఆ బిళ్లను 90 డిగ్రీలు తిప్పితే చాలు, నాలుగు అంచులూ అయిపోయాకే పారేయాలి. శబ్దం కూడా తగ్గుతుంది. ధర మాత్రం బాగా ఎక్కువ. పాత చెక్క వాడేవారికి ఇంకో హెచ్చరిక. లోపల విరిగిన మేకు ఒక్కటి ఉన్నా బ్లేడు అంచు మీద ఒకచోట గీత పడుతుంది. గీత పడిన బ్లేడు ఆపైన ప్రతి పలక మీదా ఒక సన్నని గట్టు వదులుతుంది. పలక పెట్టేముందు బలమైన అయస్కాంతాన్ని దాని మీద నెమ్మదిగా నడపండి. ఇక బ్లేడులు మీ ఊళ్లో దొరుకుతాయా, సాన పట్టేవారున్నారా అన్నది కూడా కొనే రోజునే అడగండి. బ్లేడు దొరకని యంత్రం మూలన పడుతుంది.

ఇప్పుడు విద్యుత్తు సంగతి. 1650 వాట్ల యంత్రం 230 వోల్టుల వద్ద సుమారు 7.2 ఆంపియర్ల ప్రవాహాన్ని తీసుకుంటుంది. 6 ఆంపియర్ల మామూలు సాకెట్టు దీనికి చాలదు, గీజరుకు వాడే 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. 20 మీటర్ల సన్నని ఎక్స్‌టెన్షన్ తీగ వాడితే ఏమవుతుందో మీరే లెక్కకట్టవచ్చు. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు రానూ పోనూ 40 మీటర్లకు నిరోధం దాదాపు ఒక ఓం. ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే సుమారు 50 వాట్ల వేడి. చుట్టగా చుట్టి ఉంచిన తీగలో ఆ వేడి బయటికి పోలేక తొడుగు కరిగే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి. అమెరికాలో ఉన్న మన బంధువులు అక్కడ చవకగా వస్తుందని ఒక యంత్రం పంపుతామంటారు. అది 120 వోల్టులది. మన సాకెట్టులో నేరుగా పెడితే కాలిపోతుంది. 2000 వాట్లకు పైబడిన ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. ఆ ఖర్చు, విమాన సామాను ఖర్చు కలిపితే చవక ఎక్కడిది?

పొట్టు గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. 300 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరు లోతు, నిమిషానికి 8.5 మీటర్లు. ఈ మూడింటినీ గుణించండి. నిమిషానికి రెండున్నర లీటర్ల గట్టి చెక్క పోతోంది! పొట్టుగా మారాక దాని ఘనపరిమాణం ఎన్నో రెట్లు పెరుగుతుంది. దాన్ని పీల్చే గొట్టం లేకపోతే వరండా మాత్రమే కాదు, మీ ఊపిరితిత్తులు కూడా నిండుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క ధూళిని మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థంగా ప్రకటించింది. కంటికి కనిపించే పొట్టుకంటే, కనిపించని సన్నని ధూళి ఎక్కువ హాని చేస్తుంది. కాబట్టి ధూళి గొట్టం బిగించే వీలులేని యంత్రాన్ని నేను కొనవద్దంటాను. గొట్టం ఉన్నా ముక్కుకు సరైన మాస్కు ఉండాలి. శబ్దం కూడా తక్కువేమీ కాదు. 85 డెసిబెల్‌ల శబ్దాన్ని 8 గంటలు భరించవచ్చని ఒక ప్రమాణం. ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్‌ల వద్ద మిగిలేది 15 నిమిషాలే. ఈ యంత్రాలు దాదాపు ఆ స్థాయిలోనే అరుస్తాయి. ఇరుగుపొరుగు వారి మధ్యాహ్నపు నిద్ర సంగతి సరేసరి.

పలక రెండు చివర్లలో, నాలుగైదు సెంటీమీటర్ల మేర, కొద్దిగా ఎక్కువ లోతు కోత పడటం మీరు చూస్తారు. పలక మొదలూ తుదీ బ్లేడు కిందికి వచ్చేటప్పుడు దాన్ని ఒక్క రోలరే పట్టి ఉంచుతుంది. బయట వేలాడే బరువుకు పలక మీటలా లేచి బ్లేడుకు తగులుతుంది. ముందూ వెనకా పొడవైన రెక్కపీటలు, కట్టర్ హెడ్‌ను కదలకుండా బిగించే తాళం ఉన్న యంత్రంలో ఇది తగ్గుతుంది. పూర్తిగా పోదు. అందుకే పలకను కావలసిన దానికంటే పొడుగ్గా కోసుకుని, చివరలు తరువాత తీసేస్తారు.

మీలో ఎవరైనా ఈ యంత్రం దగ్గర పనిచేసే అవకాశం వస్తే పెద్దవాళ్లు పక్కన ఉండగానే చేయండి. పలకకు సూటిగా వెనుక నిలబడకండి, అది బాణంలా వెనక్కి రావచ్చు. పొట్టు ఇరుక్కుంటే ప్లగ్గు తీశాకే చేయి పెట్టండి. వదులు చొక్కా చేతులు, చున్నీ, విరబోసిన జుట్టు దరిదాపుల్లో ఉండకూడదు. ఏ కంపెనీ అయినా పలక ఇంతకంటే పొట్టిగా ఉండకూడదని ఒక కొలత ఇస్తుంది. రెండు రోలర్ల మధ్య దూరంకన్నా పొట్టి ముక్క లోపలే తిరగబడుతుంది కాబట్టి ఆ కొలతను దాటకండి.

ఏడాదికి ఒక బల్లో, రెండు అరలో చేసుకునేవారికి ఈ యంత్రం అవసరం లేదని నా అభిప్రాయం. కలప అడితి దగ్గరి వర్క్‌షాపులో కొద్దిపాటి కూలికి పలకలకు చిత్రిక పట్టి ఇస్తారు. నెలనెలా పని ఉండి, చోటు, ధూళి ఏర్పాటు ఉన్నవారు కొనుక్కోవచ్చు. దుకాణానికి వెళ్లేటప్పుడు రెండడుగుల పొడవున్న వెడల్పాటి చెక్క ముక్క, మీ ప్రయోగశాలలో వాడే వెర్నియర్ కాలిపర్స్ వెంట తీసుకుపోండి. ఆ ముక్కను రెండుసార్లు యంత్రంలో పెట్టించండి. చివరల నుంచి ఒక జానెడు లోపలికి వదిలి, కుడివైపు, ఎడమవైపు మందం కొలవండి. రెండింటికీ తేడా 0.1 మిల్లీమీటరు దాటితే కట్టర్ హెడ్ పీటకు సమాంతరంగా లేదన్నమాట. దాన్ని అక్కడే సరిచేయమని అడగండి, మళ్లీ కొలవండి, ఆ తరువాతే డబ్బు ఇవ్వండి.