బొమ్మ విమానానికి ఎండ రంగు

బొమ్మ విమానాలకు రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ పుట్టింది వాటి కోసం కాదు. అప్పటికి అసలు విమానమే లేదు. 1876లో అమెరికాలో ఫ్రాన్సిస్ స్టాన్లీ ఫొటోలకు రంగులద్దడానికి గాలితో రంగు చిమ్మే సాధనం మీద పేటెంటు తీసుకున్నాడు. తర్వాత ఆవిరి కార్లతో పేరుకెక్కిన కవలల్లో ఒకడీయనే. 1879లో అబ్నర్ పీలర్ మరో రకం తయారుచేశాడు. 1893 నాటికి చార్లెస్ బర్డిక్ చేతిలో అది కలంలా పట్టుకునే పరికరమైంది. ఫొటోలో చెంప మీద వెలుగు ఎక్కడ ఆగిందో, నీడ ఎక్కడ మొదలైందో గీత గీసి చూపలేం. కుంచె అంచును మిగులుస్తుంది, తుంపర మిగల్చదు. కాబట్టి నీడలు వేయడం ఈ పరికరానికి మనం అంటగట్టిన పని కాదు, పుట్టుకతో వచ్చిందే. మీట నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే సూది జరిగి రంగు వస్తుంది. దాని ముక్కు రంధ్రం సాధారణంగా 0.2, 0.3 మిల్లీమీటర్లే. మే నెల పల్నాడు ఎండలో ఆక్రిలిక్ రంగు ఆ ముక్కు కొసనే ఎండి అడ్డుపడుతుంది. ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రవం ఒక చుక్క కలపక తప్పదు.

అసలు విమానానికి ఎవరూ నీడలు పూయరు, బొమ్మకెందుకు అని అడిగేవాళ్లున్నారు. సబబైన ప్రశ్నే. విశాఖ బీచ్ రోడ్డులో 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా ఉన్న టీయూ-142 విమానం రెక్కల చాపు సుమారు 50 మీటర్లు. 1/72 కొలతలో అది 70 సెంటీమీటర్లకు లోపే. విమానాన్ని కుదించగలం గానీ వెలుతురును కుదించలేం. ఆ బొమ్మను అడుగు దూరం నుంచి చూడటమంటే అసలుదాన్ని 72 అడుగుల నుంచి చూడటం. అంత దూరాన రంగు కాస్త పాలిపోయినట్టు కనిపిస్తుందని బొమ్మలు చేసేవాళ్లు అంటారు. అసలు డబ్బాలోని రంగే తెచ్చి పూసినా బొమ్మ మీద ముదురుగా కనిపించేది అందుకేనట.

అయితే రేకుల అతుకులన్నిటి వెంటా నల్లరంగు చిమ్మి, పైన అసలు రంగు పలచగా కొట్టే పద్ధతి ఒకటుంది. గుడ్డిగా చేస్తే విమానం గళ్ల లుంగీ కట్టినట్టుంటుంది. చూడటానికి బాగుంటుందిగా అంటారు. బాగుండటం వేరు, నిజం వేరు. దాచేపల్లి మీదుగా నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డున పోయే సిమెంటు లారీని చూడండి. క్యాబిన్ పైకప్పు వెలుస్తుంది, పక్కలు అంతగా వెలవవు. దుమ్ము తలుపు సందుల్లో పేరుకుంటుంది. తుప్పు బోల్టు తల నుంచి కిందికి కారుతుంది. ఎండ, వాన, ఎక్కేదిగే కాళ్లు, ఇవే రంగును మారుస్తాయి గానీ అతుకుల లెక్క కాదు. విమానానిదీ ఇదే తీరు: రెక్కల పైభాగం వెలుస్తుంది, మెకానిక్కులు నడిచేచోట రంగు అరుగుతుంది, అడుగున నూనె చార గాలి వాటున వెనక్కి సాగుతుంది. అసలు రంగులో నాలుగు చుక్కలు తెలుపు కలిపి, రేకుల నడుమ అక్కడక్కడా, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువగా చిమ్మడమే నా లెక్కలో మేలైన దారి. ముందు మాత్రం ఆ విమానం పనిలో ఉన్ననాటి ఫొటో ఒకటి సంపాదించి ఎదురుగా పెట్టుకోండి. ముక్కుకు మాస్కు కట్టుకోవడం మరవకండి. ఆ తుంపర ఊపిరితిత్తులకు మంచిది కాదు.