బనగానపల్లె మామిడి: ఊరి పేరుకు వేరే ధర ఎన్నడు?

ఏప్రిల్ నుంచి జూన్ దాకా తెలుగునాట ఏ పండ్ల మండీకి వెళ్లినా పాటలో ఎక్కువగా వినిపించే పేరు బంగినపల్లి. లారీ నూజివీడు నుంచి వచ్చినా, చిత్తూరు నుంచి వచ్చినా, కొల్లాపూరు నుంచి వచ్చినా పేరు అదే. నంద్యాల జిల్లా బనగానపల్లె చుట్టుపక్కల తోటల్లో కాసిన కాయకూ అదే పేరు, అదే పాట. కొనేవాడు చూసేది కాయ సైజు, ముదురు, మచ్చ, తొడిమ. ఏ నేలలో కాసిందన్న ప్రశ్న మండీలో తలెత్తదు.

ఈ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. పత్రికలలో గొప్పగానే వార్తలు వచ్చాయి. ఆ గుర్తింపు వల్ల బనగానపల్లె రైతు కాయకు టన్నుకింత అని అదనంగా పలికే ఏర్పాటు మాత్రం మండీలలో లేదు. లోపం కాయలో లేదు. పలుచని తోలు, పీచులేని గుజ్జు, బంగారు రంగు, శీతల గిడ్డంగిలో నిలిచే గుణం అన్నీ ఉన్నాయి. చిక్కంతా పేరును రాసుకున్న తీరులో ఉన్నది.

సరకుల భౌగోళిక గుర్తింపు చట్టాన్ని పార్లమెంటు 1999లో చేసింది. 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. నమోదు కార్యాలయం చెన్నైలో ఉన్నది. మన దేశంలో ఈ గుర్తింపు మొదట పొందిన సరకు డార్జిలింగ్ తేయాకు. ఈ చట్టానికి మూలం ప్రపంచ వాణిజ్య ఒప్పందం. ఆ ఒప్పందంలో అన్ని సరకులకు ఒక రకం రక్షణ, వైన్‌కూ స్పిరిట్లకూ అదనపు రక్షణ ఉన్నాయి. ఎందుకంటే ఊరి పేరును ఆస్తిగా చూసే పద్ధతిని స్థిరపరచినవారిలో ముందువరుసలో నిలిచినది ఫ్రాన్సు ద్రాక్షతోటల వారు.

ఆ పద్ధతి ఎలా పుట్టిందో చూడాలంటే దక్షిణ ఫ్రాన్సులో రోన్ నది పక్కన ఉన్న షాటోనఫ్-డ్యు-పాప్ అనే చిన్న ఊరికి వెళ్లాలి. ఆ పేరుకు పోపుగారి కొత్త కోట అని అర్థం. పధ్నాలుగో శతాబ్దంలో పోపులు రోమును విడిచి దాపులనే ఉన్న అవిన్యో పట్టణంలో మకాం పెట్టారు. అప్పుడు కట్టిన వేసవి కోట అది. తోటలు సుమారు 3,200 హెక్టార్లు, అంటే 8 వేల ఎకరాలకు కొంచెం తక్కువ. చాలా చోట్ల మట్టి కనబడదు. పిడికెడంత, తలకాయంత గులకరాళ్లు పరచుకొని ఉంటాయి. పగటి ఎండకు కాగిన రాయి రాత్రి తీగకు వేడినిస్తుంది. ఉత్తరపు గాలి విసురు సరేసరి. రాయలసీమ గరపనేల ఎరిగిన రైతుకు ఆ చేను చూస్తే కొత్త అనిపించదు.

ఇంత పేరున్న ఊరి సరకుకూ ఒకప్పుడు సొంత ధర లేదు. బర్గండీ వర్తకులు పీపాలకు పీపాలు కొనుక్కుపోయి, పలుచబడ్డ తమ వైన్‌కు బలం కోసం కలుపుకొనేవారు. పేరు పీపాలోనే పోయేది. మరోవంక ఎక్కడి వైన్‌కో ఈ ఊరి పేరు తగిలించి అమ్మేవారు. 1923లో అక్కడి రైతులు ల రువా అనే న్యాయవాదిని ముందుపెట్టుకొని తమకు తామే కట్టుబాట్లు విధించుకున్నారు. అడవి థైమ్, లావెండర్ మొక్కలు మొలిచే బీద నేలకే ఆ పేరు దక్కాలన్నారు. సారవంతమైన పల్లపు నేలను పక్కన పెట్టారు. ఏయే ద్రాక్ష రకాలు వేయాలో రాసుకున్నారు. సారం 12.5 శాతానికి తగ్గరాదన్నారు. కోతలో పాడు కాయ ఏరివేయాలన్నారు. 1935లో ఫ్రెంచి ప్రభుత్వం దేశం మొత్తానికీ ఇటువంటి చట్టం చేసింది. 1936లో తొలివిడతగా గుర్తింపు పొందిన ఊళ్లలో షాటోనఫ్ ఒకటి. హెక్టారుకు 3,500 లీటర్లకు మించి తీయరాదన్న పరిమితి నేటికీ ఉన్నది. ఎకరం లెక్కన అది సుమారు 1,400 లీటర్లు. తక్కువ పండించి ఎక్కువ ధర పొందడం వారి లెక్క. పేరు విషయంలో వారి పట్టుదల ఎంతటిదంటే, ఎగిరే పళ్లాల పుకార్లు రేగిన 1954లో, అవి తమ ద్రాక్షతోటల మీద దిగరాదని ఆ ఊరి మేయరు ఉత్తర్వు జారీచేశారు. ఇంతవరకు ఉల్లంఘన జరిగినట్లు లేదు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఆ ఊళ్లో ఎక్కువగా వేసే ద్రాక్ష రకం పేరు గ్రెనాష్. దానిని ఎవరైనా, ఎక్కడైనా వేసుకోవచ్చు. గ్రెనాష్ అనే అమ్ముకోవచ్చు. షాటోనఫ్ అన్న పేరు మాత్రం ఆ హద్దు దాటి పోదు. రకం పేరు వేరు, ఊరి పేరు వేరు. బనగానపల్లెలో ఈ రెండూ ఒకటే అయిపోయాయి. అంటు కట్టి ఎక్కడ నాటినా చెట్టు వెంట ఊరి పేరు కూడా పోయింది. ఒకప్పటి నవాబుల సంస్థానం 1948లో విలీనమై కర్నూలు జిల్లాలో కలిసింది. మామిడి మాత్రం అంతకు ముందే సంస్థానం ఎల్లలు దాటింది.

2017 నమోదు ఈ చిక్కును విప్పలేదు. బనగానపల్లె, పాణ్యం, నంద్యాల ప్రాంతాన్ని మూలస్థానంగా చూపి, దాని వెనుకనే కోస్తా, రాయలసీమ జిల్లాలనూ, తెలంగాణలో ఖమ్మం, మహబూబ్‌నగర్, రంగారెడ్డి, మెదక్, ఆదిలాబాద్ జిల్లాలనూ చేర్చారు. ఆ జిల్లాల రైతులు ఏళ్ల తరబడి అదే పేరుతో అమ్ముకుంటున్నారు కనుక వారిని వెలివేయడం ప్రభుత్వానికి సాధ్యపడే పని కాదు. కాని రెండు రాష్ట్రాలంత వెడల్పయిన హద్దు మండీలో హద్దు లేనట్లే. ఆల్ఫోన్సోకు 2018లో ఇచ్చిన గుర్తింపు కొంకణ తీరంలోని 5 జిల్లాలకే పరిమితమైనదన్న సంగతి పోల్చి చూడదగ్గది.

ఊరి పేరు సరకు పేరుగా మారిపోతే ఏమవుతుందో కడపవారికి వేరే చెప్పనక్కరలేదు. బొంబాయి వంటిళ్లలో గట్టుకు పరచే నల్లరాయిని అక్కడివారు ‘కడప్పా’ అనే అంటారు. అది ఊరి పేరని ఎరిగి కొనేవారు ఎందరు?

అదే కడప జిల్లాలో ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. మైదుకూరు వైపు పండే కృష్ణాపురం ఎర్రగడ్డ, వర్తకుల మాటలో కె.పి. ఉల్లి. ఘాటు వల్ల, సైజు వల్ల ఇక్కడి వంటిళ్లలో దీనికి గిరాకీ లేదు. సింగపూరు, మలేసియా, థాయిలాండ్, హాంగ్‌కాంగ్, శ్రీలంక దీని గిరాకీదార్లు. 2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతులను నిషేధించడంతో ఈ సరకు కూడా ఆగిపోయింది. దేశంలో తినని ఉల్లిని ఆపి దేశంలో ధర తగ్గించడం ఎలాగన్న ప్రశ్నకు జవాబు లేకపోయింది. అక్టోబరు 9న మినహాయింపు వచ్చింది. 2021 మార్చి 31 లోగా 10 వేల టన్నుల కృష్ణాపురం ఉల్లిని చెన్నై రేవు మీదుగా పంపుకోవచ్చునన్నారు. అందుకు షరతు, కడప ఉద్యానశాఖ సహాయ సంచాలకుని ధ్రువపత్రం. సరకు ఏదో, ఎంతో ఆ అధికారి రాసివ్వాలి. బెంగుళూరు రోజ్ ఉల్లికీ అదే రోజున అటువంటి మినహాయింపే ఇచ్చారు.

అంటే రేవులో ఒకరు ‘ఇది ఎక్కడిది?’ అని అడిగారు. కాగితం చూపినవాడి సరకు ఓడ ఎక్కింది. మామూలు ఉల్లికి ఆ దారి లేదు. 2025లో కర్నూలు యార్డులో ధర కుప్పకూలినప్పుడు ప్రభుత్వమే క్వింటాలుకు 1,200 రూపాయల చొప్పున కొనవలసి వచ్చింది.

మామిడికి అటువంటి ప్రశ్న వేసేవారు కావాలి. చట్టం ప్రకారం గుర్తింపు పొందిన పేరును వాడుకొనే రైతు అధీకృత వినియోగదారుగా తన పేరు నమోదు చేసుకోవాలి. గుర్తింపు పదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవలసి ఉంటుంది. ఇది కాగితం పని, చేయగలిగినదే. కష్టమైనది తోటలో ఉన్నది. చాలా తోటలు పూత మీదనో పిందె మీదనో గుత్తకు పోతాయి. గుత్తదారుకు తొలి మార్కెట్టు ధర ముఖ్యం. కాయ ముదరకముందే కోస్తాడు, మందు పెట్టి మాగబెడతారు. రంగు వస్తుంది, రుచి రాదు. చప్పటి కాయ తిన్నవాడు తిట్టేది గుత్తదారును కాదు, బంగినపల్లినే. గుత్త ఒప్పందంలోనే కోత తేదీ రాసుకొని, ఆ తేదీకి ముందు కోసిన కాయకు ఊరి పేరు లేదనగల రైతు సంఘం ఏర్పడితే తప్ప ఇది మారదు.

పేరు పంచుకొనే విషయంలోనూ దారి లేకపోలేదు. ఈ రకానికి బేనిషాన్ అనే మరో పేరు వాడుకలో ఉన్నది. ఇతర జిల్లాల కాయ ఆ పేరుతో పోయి, బనగానపల్లె అన్న ముద్ర మూలస్థానపు మండలాల పెట్టెలకే ఉంటే ఎవరికీ నష్టం లేదు. చట్టం చేసి దీనిని సాధించడం కష్టం. ఆ మండలాల రైతులు తమ పెట్టె మీద గ్రామం, కోత తేదీ అచ్చువేసుకొని మొదలుపెట్టడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. షాటోనఫ్ రైతులు 1937లో తమ సీసా గాజు మీదనే పోపుగారి కిరీటం, తాళపుచెవులు ఉబ్బెత్తుగా పోయించుకున్నారు. నేడు మండీకి చేరే మామిడి క్రేటు మీద మాత్రం తరచుగా కనబడేది మండీ యజమాని పేరే.