వేరుశనగ గింజలోని నూనె మొలకకు తిండి ఎలా అవుతుంది?

మన గూడూరు ప్రాంతంలో ఇసుక నేలల రైతులకు వేరుశనగ తెలియని పంట కాదు. పడమరగా చిత్తూరు వైపు వెళితే వానను నమ్ముకుని వేసే ముఖ్యమైన పంట అదే. చిక్కీలో మనం కొరుక్కుతినే పప్పు కూడా అదే గింజ. ఆ పప్పులో దాదాపు సగం నూనె, పావు వంతు మాంసకృత్తులు ఉంటాయి.

మరి గింజలో ఇంత నూనె ఎందుకు? మనం గానుగ ఆడించుకోవడానికి కాదు. మొలక పైకి వచ్చి, ఆకు పచ్చబడి, కిరణజన్య సంయోగక్రియ మొదలయ్యేదాకా అది తల్లి మొక్క కట్టి ఇచ్చిన సద్దిమూట. ఒక గ్రాము పిండిపదార్థంలో 4 కిలో కేలరీల శక్తి ఉంటే, ఒక గ్రాము కొవ్వులో 9 ఉంటుంది. చిన్న గింజలో ఎక్కువ శక్తి దాచాలంటే నూనెగా దాచడమే మేలు.

కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. నూనె నీటిలో కరగదు. కాబట్టి అది బీజదళాల నుంచి వేరు కొనకు, మొలక కొనకు నేరుగా ప్రవహించలేదు. దాన్ని ముందు చక్కెరగా మార్చాలి. ఈ పని ఒక్క కణాంగం వల్ల కాదు. మూడు కణాంగాలు, కణద్రవ్యం కలిసి చేయాలి.

మొదటి మజిలీ – నూనె బిందువు

బీజదళ కణాల నిండా సన్నని నూనె బిందువులు ఉంటాయి. వాటి చుట్టూ ఒకే పొర ఫాస్ఫోలిపిడ్, దానిలో ఓలియోసిన్ అనే ప్రోటీన్ ఉంటాయి. ఈ పొర వల్లనే బిందువులు ఒకదానితో ఒకటి కలిసిపోవు. గింజ నీరు పీల్చుకుని మొలకెత్తడం మొదలుపెట్టాక లైపేజ్ అనే ఎంజైమ్ నూనెను కొవ్వు ఆమ్లాలుగా, గ్లిసరాల్‌గా విడగొడుతుంది.

రెండో మజిలీ – గ్లైఆక్సీసోమ్

కొవ్వు ఆమ్లాలు పక్కనే ఉన్న గ్లైఆక్సీసోమ్‌లోకి వెళతాయి. 1967లో అమెరికాలో బ్రైడెన్‌బాక్, బీవర్స్ అనే శాస్త్రవేత్తలు మొలకెత్తే ఆముదం గింజల్లో దీన్ని గుర్తించి పేరు పెట్టారు. ఇక్కడ కొవ్వు ఆమ్లం రెండేసి కార్బన్ల ముక్కలుగా తెగి ఎసిటైల్ కో-ఎ అవుతుంది. 18 కార్బన్ల ఓలియిక్ ఆమ్లం నుంచి 9 ముక్కలు వస్తాయి. ఈ పనిలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ కణానికి హాని చేస్తుంది. దాన్ని అక్కడే ఉన్న కాటలేజ్ ఎంజైమ్ నీరుగా, ఆక్సిజన్‌గా మార్చేస్తుంది.

ఆ తరువాత రెండు ఎసిటైల్ ముక్కలు కలిసి నాలుగు కార్బన్ల సక్సినేట్ తయారవుతుంది. దీన్నే గ్లైఆక్సిలేట్ వలయం అంటారు. 1957లో కోర్న్‌బర్గ్, క్రెబ్స్ దీన్ని వివరించారు. అదే ఎసిటైల్ ముక్క క్రెబ్స్ వలయంలోకి వెళ్లి ఉంటే కార్బన్ అంతా బొగ్గుపులుసు వాయువుగా పోయేది. ఈ అడ్డదారి దాన్ని కాపాడుతుంది. మన శరీరంలో ఈ దారి లేదు. అందుకే మనం కొవ్వు ఆమ్లాల నుంచి చక్కెరను ఇలా తయారు చేసుకోలేం.

మూడో మజిలీ – మైటోకాండ్రియా, కణద్రవ్యం

సక్సినేట్ మైటోకాండ్రియాలోకి చేరి మాలేట్‌గా మారి, కణద్రవ్యంలోకి వస్తుంది. అక్కడ దాని నుంచి చక్కెర తయారవుతుంది. లెక్క చూస్తే, కొవ్వు ఆమ్లంలోని 8 కార్బన్లలో 6 చక్కెరకు చేరతాయి, 2 మాత్రమే వాయువుగా పోతాయి. చివరికి అది సుక్రోజ్ రూపంలో నీటిలో కరిగి వేరుకూ మొలకకూ అందుతుంది.

పొద్దుతిరుగుడు, దోస వంటి వాటిలో బీజదళాలు పైకి వచ్చి పచ్చబడతాయి. అప్పుడు గ్లైఆక్సీసోమ్‌లు వృథా కావు. ఆకులో వేరే పని చేసే పెరాక్సీసోమ్‌లుగా మారతాయి.

పొలంలో దీని అర్థం

రైతు పదును చూసి విత్తేది ఇందుకే. నీరు లేకపోతే ఎంజైమ్‌ల పని మొదలు కాదు. నీరు నిలిస్తే గాలి అందదు. గ్లైఆక్సీసోమ్‌కూ మైటోకాండ్రియాకూ ఆక్సిజన్ కావాలి కనుక పని ఆగి గింజ కుళ్లుతుంది. రెండు అంగుళాల కన్నా బాగా లోతుగా పడితే పైకి వచ్చేసరికి సద్దిమూటలో చాలా భాగం ఖర్చయి, మొలక బలహీనంగా వస్తుంది. తేమలో, వేడిలో నిలవ ఉన్న గింజలో కొవ్వులు గాలికి చెడి కణపొరలు దెబ్బతింటాయి. అందుకే పెద్దవాళ్లు విత్తనాన్ని కాయల రూపంలోనే బాగా ఎండబెట్టి దాచి, విత్తే ముందే ఒలుస్తారు. మొలక రాకపోతే పోయేది గింజ ఒక్కటే కాదు, దుక్కి ఖర్చు, కూలి, ఆ కారు కూడా. కాబట్టి విత్తే ముందు వంద గింజలు తడిగుడ్డలో కట్టి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టమని ఇంట్లో చెప్పండి.

మీరే చేసి చూడండి

ఎండు పప్పును కాగితంపై నలిపితే ఆరినా పోని నూనె మరక పడుతుంది. తడి ఇసుకలో మొలకెత్తించిన గింజల బీజదళాలను రెండు మూడు రోజులకొకసారి అలాగే నలిపి, కాగితాన్ని ఎండలో ఆరబెట్టి మరకలు పోల్చండి. మరక క్రమంగా తగ్గుతుంది. మొలక ముద్దపై మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు చుక్కలు వేస్తే నురగ వస్తుంది. అది కాటలేజ్ పని.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పరీక్షలో ఈ ప్రశ్న వస్తే వలయాల పేర్లు మాత్రమే బట్టీ పట్టకండి. మన చేలో రోజూ జరిగే పని అని గుర్తుపెట్టుకుంటే, పాఠం దానంతట అదే మనసులో నిలుస్తుంది.